పాడి గేదె మేపు, ఈత, ఆరోగ్యం: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన లెక్కలు సుమారు 500 కిలోల బరువుండే ముర్రా, గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెలకు ముర్రా దున్నతో పుట్టిన సంకరజాతి) గేదెలవి. ఆవుకు చెప్పే లెక్క గేదెకు అన్నిచోట్లా పనికిరాదు. ఎద కనబడే తీరు, ఎండను తట్టుకునే శక్తి, చేపు (పొదుగులోకి పాలు దించడం), దూడకు పట్టే పురుగులు అన్నీ వేరు. డాక్టరే చూసి వేయాల్సిన మందులకు మోతాదులు కావాలనే ఇవ్వలేదు.

రోజుకు 10 లీటర్లు ఇచ్చే గేదెకు ఎంత మేత వేయాలి?

పచ్చిమేత 25 కిలోలు, వరిగడ్డి లేదా చొప్ప 5 కిలోలు, దాణా 6.5 కిలోలు. దాణా లెక్క ఇలా కట్టాలి: ఒంటి పోషణకు ఒకటిన్నర కిలోలు, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో. ఆవుకైతే రెండున్నర లీటర్లకు ఒక కిలో చాలు. గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి ఖర్చూ ఎక్కువే. పచ్చిమేతలో మూడో వంతు అలసంద, పిల్లిపెసర, లూసర్న్ లాంటి పప్పుజాతి ఉంటే దాణా కిలో, కిలోన్నర తగ్గించవచ్చు.

దాణా అంతా ఒక్క పూటే పెట్టకండి. రెండు పూటలుగా, వీలైతే మూడు పూటలుగా పెట్టాలి. మేతను చాఫ్ కట్టర్‌తో అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కొడితే కాళ్ల కింద తొక్కి పారేసేది చాలా తగ్గుతుంది. సూపర్ నేపియర్‌ను నిలువునా గాడిలో పడేసే కొట్టాల్లో కాడ మొత్తం మిగిలిపోవడం రోజూ చూసేదే.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు. 100 కిలోలకు: మొక్కజొన్న రవ్వ 35, చెక్క (వేరుశనగ, పత్తి, నువ్వుల చెక్కల్లో ఏవైనా రెండు కలిపి) 30, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. మొక్కజొన్నను పిండి చేయకూడదు, రవ్వగా పట్టించాలి. పిండైతే పొట్టలో త్వరగా పులుస్తుంది. గింజ అలాగే పెడితే పేడలో కనిపిస్తుంది.

ఎక్కువగా చెడేవి రెండు. వేరుశనగ చెక్కకు చెమ్మ తగిలితే బూజు పట్టి విషం తయారవుతుంది. అది గేదె కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకి కూడా దిగుతుంది. ఆకుపచ్చ బూజు కనబడిన చెక్కను ఎండబెట్టి వాడదామనుకోవద్దు, ఎండతో ఆ విషం పోదు. రెండోది తవుడు: నూనె ఉన్న తవుడు కొద్ది వారాల్లోనే చేదెక్కుతుంది కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కొనండి. నూనె తీసిన తవుడు నిల్వ ఉంటుంది కానీ అందులో బలం తక్కువ. ధర తక్కువని అదే మొత్తం వాడితే పాలు తగ్గుతాయి.

కుడితిలో నానబెట్టి పెట్టే అలవాటు ఉంటే రెండు మూడు గంటలు నానితే చాలు. ఎండాకాలంలో రాత్రంతా నాననిస్తే పొద్దునకు పులిసిపోతుంది.

టానిక్కులు వాడాలా?

చాలా ఇళ్లలో కిటికీలో నాలుగు రకాల కాల్షియం డబ్బాలు ఉంటాయి, గాడిలో మాత్రం ఖనిజ లవణ మిశ్రమం ఉండదు. రోజుకు 50 గ్రాముల మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు ఏడాది పొడుగునా వేస్తే టానిక్కుల అవసరం చాలావరకు తీరిపోతుంది. వరిగడ్డి మీద బతికే గేదెకు కాల్షియం, భాస్వరం, రాగి, జింకు అన్నీ తక్కువే పడతాయి. ఎదకు రాకపోవడం, కట్టినా నిలవకపోవడం, మన్నూ గుడ్డలూ నమలడం ఆ కొరత గుర్తులు. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి ఒక్కటే వేస్తే కాల్షియం, భాస్వరం మాత్రమే అందుతాయి, మిగతావి అందవు.

పచ్చిమేత లేదు, వరిగడ్డే ఉంది. ఏం చేయాలి?

గడ్డిని యూరియాతో మాగబెట్టండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా సమానంగా చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కి, పైన టార్పాలిన్ కప్పి అంచులకు మట్టి వేసి గాలి చొరకుండా 21 రోజులు ఉంచాలి. తీశాక గంటసేపు ఆరబెడితే ఘాటు పోతుంది, అప్పుడు పెట్టాలి. మొదట్లో మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలిపి వారంలో అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కరిగించిన బకెట్టు గేదెకు అందేచోట పెట్టి మరిచిపోతే ప్రాణం మీదికొస్తుంది. కరగని యూరియా ఉండలతోనూ అదే ప్రమాదం.

తుపాను వానకు తడిసి నల్లబడిన గడ్డిని మాత్రం ఏ పద్ధతిలోనూ బాగు చేయలేరు. ఆ బూజు గడ్డి మేసిన గేదెలకు చలికాలంలో చెవుల చివర్లు, తోక చివర, గిట్టల పైభాగం చల్లబడి, నల్లగా ఎండి, ఊడిపోతాయి. ఇది గేదెల్లోనే ఎక్కువ. మొదటి గుర్తు కనబడగానే గడ్డి మార్చి డాక్టరును పిలవండి.

జొన్న మేస్తే నాము పడుతుందంటారు. ఎప్పుడు వేయడం క్షేమం?

లేత జొన్నలో, ముఖ్యంగా నీళ్లు లేక వాడిన పైరులో, కోసిన మోడుకు వచ్చిన పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. పూత దశకు వచ్చాక కోస్తే భయం లేదు. వానలు ఆగి వాడిన పైరుకు ఒక తడి ఇచ్చి, మళ్లీ కోలుకుని ఎదిగాకే కోయాలి. తప్పించుకుని చేలో పడ్డ గేదె పది పదిహేను నిమిషాల్లోనే ఆయాసపడి, వణికి, పడిపోవచ్చు. దీనికి విరుగుడు సూదిమందు ఉంది, కానీ నిమిషాల్లో పడాలి. ఇంటి వైద్యం చేస్తూ కూర్చుంటే గేదె దక్కదు.

ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం పెట్టవచ్చా?

కిలో రెండు కిలోలు, అదీ రోజూ అలవాటున్న గేదెకైతే పరవాలేదు. పెళ్లి మర్నాడు గంగాళం దించి వదిలేస్తే మాత్రం ప్రమాదం. అన్నం పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది. గేదె నెమరు మానేస్తుంది, పొట్ట ఎడమవైపు నొక్కితే పిండిలా గుంట పడుతుంది, పుల్లటి వాసనతో పలచగా పేడ వేస్తుంది, మర్నాటికి లేవలేదు. ఎక్కువ తిన్నదని తెలిసిన వెంటనే దాణా, కుడితి ఆపి, ఎండుగడ్డి మాత్రమే పెట్టి, 100 గ్రాముల వంటసోడా అర లీటరు నీళ్లలో కలిపి తాగించి డాక్టరును పిలవండి. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకూడదు, నాలుక బయటికి లాగకూడదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చే గేదెలూ ఉన్నాయి. ఆకుల్లో మిగిలిన పాలిథిన్ కవర్లు, పుల్లలు మరో బెడద. మింగిన ఇనుప తీగ, మేకు నెమ్మదిగా గుండె దాకా గుచ్చుకుపోతాయి.

వేసవిలో పాలు సగానికి పడిపోతున్నాయి. ఆపవచ్చా?

పూర్తిగా ఆపలేరు, చాలావరకు తగ్గించవచ్చు. గేదెకు నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ, వెంట్రుక పలచన. ఒంటి వేడి బయటికి పోవాలంటే నీళ్లే దిక్కు. అందుకే చెరువు కోసం అంత పరుగు. చెరువు లేనిచోట పగలు 11 నుంచి 4 లోపు రెండు మూడుసార్లు ఒళ్లంతా తడిసేలా నీళ్లు కొట్టాలి. తడిపాక గాలి ఆడాలి. గాలి ఆడని రేకుల కొట్టంలో తడిపితే ఉక్క పెరిగి పరిస్థితి ఇంకా చెడుతుంది. రేకు మీద గడ్డి లేదా తాటాకు పరిస్తే చాలా తేడా ఉంటుంది.

తాగే నీళ్లు మామూలు రోజుల్లోనే 60 నుంచి 80 లీటర్లు కావాలి, వేసవిలో వంద దాటుతుంది. రోజుకు రెండుసార్లు తొట్టి దగ్గరికి విప్పితే అంత తాగదు. నీళ్లు ఎప్పుడూ అందేలా, నీడలో, చల్లగా ఉండాలి. మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి వేయండి. మిట్టమధ్యాహ్నం దాణా పెడితే అరుగుదల వేడి ఎండ వేడికి తోడవుతుంది.

పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గిందంటున్నారు. నీళ్లు కలపలేదు కదా?

నీళ్లు కాకుండానే వెన్న తగ్గే దారులు మూడున్నాయి. ఒకటి, చివరి పాలు. ముందు వచ్చే ధారలో వెన్న బాగా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. ఆ చివరి పాలు దూడకు వదిలేసి మొదటివి కేంద్రానికి పోస్తే శాతం పడిపోతుంది. దూడకు వదలదలచుకుంటే ఒక చన్ను మొదటినుంచీ వదిలేయండి. రెండు, పీచు మేత తక్కువై దాణా ఎక్కువ కావడం. ఎండుగడ్డి రోజుకు 4 కిలోల కన్నా తగ్గితే వెన్న తగ్గుతుంది. మూడు, పూటల మధ్య ఎడం. పొద్దున 5కు, మధ్యాహ్నం 3కు పితికితే సాయంత్రం పాలు చిక్కగా, పొద్దుటి పాలు పలచగా ఉంటాయి. రెండు పూటల కొలతలు కలిపి చూస్తేగానీ అసలు సంగతి తేలదు. ఈనిన తొలి నెలల కంటే చివరి నెలల్లో శాతం పెరగడం సహజం.

దూడ చనిపోయింది. గేదె చేపడం లేదు, సూది వేయవచ్చా?

వేయకండి. చేపు కోసం ఆక్సిటోసిన్ వేస్తే వారంలో గేదె దానికి అలవాటు పడుతుంది, తర్వాత సూది లేనిదే చుక్క దిగదు. గర్భసంచి కూడా ముడుచుకుని నొప్పి పడుతుంది. జంతు హింస నిరోధక చట్టం, 1960లోని 12వ సెక్షన్ ప్రకారం పశువు ఆరోగ్యానికి చెరుపు చేసేలా పాల కోసం సూది వేయడం జైలుశిక్ష దాకా పోగల నేరం. పాత పద్ధతిలో చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కిన బొమ్మ చూపించడం కూడా మాకు నచ్చదు. పురుగులు పట్టిన ఆ తోలును గేదె నాకుతుంది.

పనిచేసేది ఓపిక. అదే మనిషి, అదే వేళ, అదే చోటు. పితికే ముందు గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒక నిమిషం మెత్తగా మర్దన చేసి, గేదెకు ఇష్టమైన దాణా ముందు పెట్టాలి. రెండు మూడు రోజులు పాలు తగ్గినా క్రమంగా దాణాకే చేపుతుంది. మొదటి ఈతలోనే దూడను విడిగా పెంచి గిన్నెతో పాలు పట్టడం అలవాటు చేస్తే ఈ సమస్యే రాదు. ఆ పద్ధతి గేదెల్లో కష్టమే కానీ అసాధ్యం కాదు.

ఎదకు వచ్చిందో లేదో తెలియడం లేదు.

గేదెల్లో మూగ ఎద ఎక్కువ. ఆవులా ఇతర పశువుల మీదికి ఎక్కడం అరుదు, మానం నుంచి కారే జిగురు తీగలు కూడా తక్కువగా వేలాడతాయి. పడుకున్నప్పుడే నేల మీద జారి కనిపిస్తాయి. చూడాల్సినవి: మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, అరుపు, మానం ఉబ్బి ముడతలు పోవడం, లోపల ఎర్రబడటం, ఉన్నట్టుండి ఒక పూట పాలు తగ్గడం. ఎక్కువగా రాత్రి 10 నుంచి తెల్లవారుజాము లోపే బయటపడుతుంది. అందుకే పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడాలి. ఎద తేదీ రాసుకుంటే తర్వాతి ఎద 21 రోజులకు ఎదురుచూడవచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గేదెలు బాగా ఎదకొస్తాయి, ఎండాకాలంలో మందగిస్తాయి.

పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున కట్టించాలి. 12 గంటల తర్వాత కూడా ఎద నిలిచి ఉంటే మరోసారి వేయించండి.

మూడుసార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవక తిరిగి ఎదకొస్తోంది (పొర్లుతోంది).

ముందు వీర్యం ఎలా వచ్చిందో చూడండి. గడ్డకట్టిన వీర్యం నాళిక ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద ఉండాలి. వేసే ముందు 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించి వెంటనే వేయాలి. ఐసు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో నాళికలు తెచ్చి ఊరంతా తిరిగితే అందులో ప్రాణం ఉండదు. అడిగే హక్కు మీకుంది: క్యాన్ లోంచి తీస్తున్నారా, దున్న నంబరు ఏమిటి?

అది సరిగ్గానే ఉంటే తీగల రంగు చూడండి. గుడ్డులోని తెల్లసొనలా ఉంటే మంచిది. తెల్లగా, చీముతో ఉంటే గర్భసంచిలో పుండు ఉంది. అప్పుడు కట్టించడం దండగ, ముందు వైద్యం చేయించాలి. మిగిలిన కారణాల్లో సగం మేతవే. ఎముకలు కనిపించే గేదె కట్టుకోదు. కట్టించిన రెండు మూడు నెలలకు చూడి పరీక్ష తప్పనిసరి. కట్టిందనుకుని పది నెలలు మేపి, తీరా ఖాళీ అని తేలే గేదెలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

చూడి గేదె పాలు ఎప్పుడు మాన్పాలి?

చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనడానికి 60 రోజుల ముందు మాన్పాలి. ఇంకా మూడు లీటర్లు ఇస్తోంది కదా అని చివరిదాకా పితికితే, వచ్చే ఈతలో అంతకు మించి పోతుంది. పొదుగు కణాలు కొత్తవి కావడానికి, దూడ ఎదగడానికి, జున్నుపాలు చిక్కబడటానికి ఆ రెండు నెలలే సమయం. మాన్పేటప్పుడు దాణా తగ్గించి, చివరి పిండుడు పూర్తిగా పిండి, పొదుగువాపు వచ్చిన చరిత్ర ఉంటే నాలుగు చన్నుల్లోనూ వట్టికాలపు (పాలివ్వని కాలానికి వేసే) మందు ట్యూబులు డాక్టరుతో ఎక్కించాలి. తర్వాత మళ్లీ పితికి చూడకూడదు. ఆపై దాణాను కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి.

చూడి గేదెకు మెయ్య దిగుతోంది (మానం నుంచి లోపలి భాగం ముద్దగా బయటికి వస్తోంది). ఏం చేయాలి?

ఆ ఎర్రటి ముద్దను చల్లని శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి గుడ్డ కప్పి, కుక్కలు, కాకులు రాకుండా కాపలా ఉండి డాక్టరును పిలవండి. చెప్పు కాలితో, మడమతో లోపలికి తొయ్యడం ఇంకా కొన్నిచోట్ల జరుగుతోంది. గర్భసంచి చిరిగిపోవడానికి అది చాలు. తిరిగి రాకుండా ఉండాలంటే వెనకకాళ్ల వైపు నేల అరడుగు ఎత్తుగా చేయండి, ఒకేసారి కడుపునిండా గడ్డి పెట్టకుండా కొద్దికొద్దిగా పెట్టండి, ఖనిజ మిశ్రమం ఆపకండి.

ఈనే రోజు ఏమేం గమనించాలి?

నీటి సంచి పగిలాక గంట, గంటన్నరలో దూడ ముందుకాళ్లు, వాటి మీద ముక్కు కనిపించాలి. ఒక్క కాలే వచ్చినా, తోక కనిపించినా లాగకుండా డాక్టరును పిలవండి. లాగాల్సి వస్తే గేదె ముక్కినప్పుడు మాత్రమే, కిందివైపుకు లాగాలి.

మాయ 8 నుంచి 12 గంటల్లో పడుతుంది. 12 గంటలు దాటితే పడనట్టే లెక్క. వేలాడే మాయకు రాయి, చెప్పు కట్టకూడదు, చేత్తో పీకకూడదు. పీకితే లోపల ముక్కలు మిగిలి కుళ్లుతాయి. జ్వరం, దుర్వాసన ఉంటే అదే రోజు వైద్యం కావాలి. దూడ తాగితే మాయ పడదేమోనని జున్నుపాలు ఆపేవాళ్లున్నారు. నిజం తలకిందులు: దూడ చప్పరింపుకే గర్భసంచి ముడుచుకుని మాయ జారుతుంది.

ఈనిన మర్నాడు గేదె లేవడం లేదు, ఒళ్లు చల్లగా ఉంది. జ్వరమా?

పాల జ్వరం అంటారు కానీ జ్వరం ఉండదు. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడం దీనికి కారణం. ఎక్కువగా ఈనిన 72 గంటల్లో వస్తుంది. చెవులు చల్లబడి, మెడ ఒక పక్కకు వంచి, పొట్ట మీద తల పెట్టుకుని పడుకుంటుంది. కాల్షియం నరానికి నెమ్మదిగా ఎక్కిస్తే సీసా అయ్యేలోపే లేచి నిలబడే గేదెలున్నాయి. అదే మందు వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది, అందుకే ఇది మెడికల్ షాపు కుర్రాడి పని కాదు. డాక్టరు వచ్చేలోపు గేదెను పక్కకు వాలిపోకుండా గడ్డి మూటలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి. పాలెక్కువ ఇచ్చే గేదెను ఈనిన మొదటి రెండు మూడు రోజులు పొదుగు పూర్తిగా పిండేయకూడదు.

ఈనిన రెండు మూడు వారాలకు మూత్రం కాఫీ రంగులోకి మారితే భాస్వరం లోపం కావచ్చు. పాలెక్కువ ఇచ్చే గేదెల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఒక్క రోజు కూడా ఆగకండి.

దూడలు ఎందుకు ఇన్ని చనిపోతున్నాయి?

జున్నుపాలు ఆలస్యం, కడుపులో పాములు, ఆకలి. చాలావరకు ఈ మూడే.

పుట్టగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డు తాడును పొట్టకు రెండంగుళాల దూరంలో దారంతో కట్టి, కింద కత్తిరించి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. గంటలోపే జున్నుపాలు పట్టాలి. తొలి రోజు మొత్తం దూడ బరువులో పదో వంతు: 32 కిలోల దూడకు 3 లీటర్ల పైచిలుకు. రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలను పేగు పీల్చుకునేది తొలి గంటల్లోనే, 24 గంటలు దాటాక తాగించినా అది కడుపు నింపే పాలే.

గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి కాబట్టి కొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా తప్పవు. బంకమట్టి రంగులో కంపు కొట్టే విరేచనం, ఉబ్బిన పొట్ట, గరుకు వెంట్రుకలు వాటి గుర్తులు. పదో రోజుకల్లా పైపరజిన్ మందు బరువును బట్టి వేయించి, తర్వాత ఆరో నెల దాకా నెలనెలా వేయాలి. చలికాలంలో దూడల మెడ, చెవుల వెనక పేలు చూడండి. రక్తం పీల్చి దూడను ఎండగట్టేస్తాయి.

మగ దూడకు పాలు వదలకుండా ఎండగట్టి చంపడం గురించి ఒక మాట. రోజుకు లీటరున్నర మిగులుతుందని చేసే ఆ పని హింసే, లెక్కకు కూడా నిలవదు. దూడ పోయాక చేపు చెడి పోయే పాలు అంతకన్నా ఎక్కువ.

పొదుగువాపును ముందే ఎలా పట్టుకోవాలి?

ప్రతి పూటా ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లగుడ్డ కట్టిన గిన్నెలో పిండి చూడండి. తెల్లటి రవ్వలు, దారాలు, నీళ్లలాంటి పాలు కనబడితే మొదలైనట్టే. ఆ పాలను నేల మీద పిండకండి, రోగం అక్కడినుంచే పక్క గేదెకు పోతుంది. జబ్బు గేదెను ఆఖర్న పితకాలి.

రావడానికి పెద్ద కారణం పితికే తీరు. బొటనవేలు మడిచి ఆ కణుపుతో నొక్కి లాగితే చన్ను లోపల గాయమవుతుంది. పిడికిలి నిండా పట్టి, పైనుంచి కిందికి వేళ్లు ఒక్కొక్కటిగా ముడుస్తూ, ఆరేడు నిమిషాల్లో ముగించాలి. నురగ పెట్టి తడి చేసుకోవడం, పాలలోనే వేళ్లు ముంచుకోవడం మానాలి. పిండాక చన్ను రంధ్రం అరగంట తెరుచుకునే ఉంటుంది. చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, అప్పుడే మేత వేస్తే ఆ అరగంట గేదె పడుకోదు. ఇంత చిన్న పనితో ఆగే పొదుగువాపులు చాలా.

యాంటిబయాటిక్ వేసిన గేదె పాలు మందు పెట్టె మీద రాసిన రోజులు గడిచేదాకా కేంద్రానికి పోయకూడదు. రెండో రోజుకు తగ్గిందని కోర్సు ఆపితే వాపు పోయినట్టే పోయి గట్టిపడి తిరిగొస్తుంది.

ఏ టీకా ఎప్పుడు?

గాలికుంటు: నాలుగో నెలలో మొదటిది, నెలకు బూస్టరు, ఆపై ఆరు నెలలకోసారి. గొంతువాపు, జబ్బవాపు: ఆరు నెలల వయసు నుంచి ఏటా మే, జూన్‌లో, తొలకరికి ముందే. ఈసుకుపోయే (నెలలు నిండకుండా చూడి పడిపోయే) రోగం, అంటే బ్రూసెల్లా: 4 నుంచి 8 నెలల ఆడదూడలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి. గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. చెవికి 12 అంకెల పోగు వేసి నమోదు చేస్తారు.

గొంతువాపును తేలిగ్గా తీసుకోకండి. గేదెలకు ఇది ఆవులకన్నా ప్రాణాంతకం: పొద్దున 106 డిగ్రీల జ్వరం, గొంతు కింద వాపు, గుర్రుగుర్రుమని ఊపిరి, మర్నాటికి మరణం. టీకా వేశాక రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని ఎగ్గొట్టేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఏడు, ఎనిమిది నెలల్లో ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కుక్కలకు వేయొద్దు. సున్నం వేసి పూడ్చండి. బ్రూసెల్లా మనుషులకు వస్తే నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు.

గాలికుంటు వచ్చేసింది. ఇప్పుడు?

విడిగా కట్టి, నోరు, గిట్టలు లేత గులాబి రంగు పర్మాంగనేట్ నీళ్లతో రెండు పూటలా కడగాలి. నోటి పుళ్లకు బోరోగ్లిజరిన్, గిట్టల సందులో ఈగలు వాలకుండా డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంట్. గంజి, జావ, మెత్తటి పచ్చిమేత పెట్టండి. జబ్బు గేదె పాలు దూడను తాగనివ్వకండి, ఆ వైరస్ లేతదూడల గుండెను దెబ్బతీసి నిలబడ్డచోటే చంపుతుంది. కొట్టాన్ని నూటికి 4 పాళ్ల చాకలిసోడా నీళ్లతో కడగాలి.

నోటినుంచి చొంగ కారుతోంది, ఏమీ మింగలేకపోతోంది. గొంతులో ఏదో ఇరుక్కుందేమో చెయ్యి పెట్టి చూడవచ్చా?

పెట్టకండి. ఇరుక్కుని ఉండవచ్చు, పిచ్చికుక్క కరిచిన గేదె కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. గొంతు పక్షవాతంతో మింగలేదు, బొంగురుగా అరుస్తుంది, ముక్కుతుంది. మీ అరచేతిలో చిన్న గీరుడు ఉన్నా చాలు, చొంగ ద్వారా ఆ రోగం (రేబిస్) మీకు సోకుతుంది. ఇప్పటికే చెయ్యి పెట్టి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. కుక్క కరిచిన గేదెకు కూడా గాయం అలాగే కడిగి, లక్షణాలు రాకముందే టీకాలు వేయించాలి: 0, 3, 7, 14, 28 రోజుల్లో. లక్షణాలు వచ్చాక వైద్యం లేదు. ఆ పాలు వాడకండి. తెలియక కాచిన పాలు తాగి ఉంటే భయపడాల్సింది లేదు.

నట్టల మందు వేసినా దవడ కింద నీరు దిగుతోంది.

అది జలగ వ్యాధి కావచ్చు. చెరువు, కాలువ గట్లలోని నత్తల ద్వారా వస్తుంది కాబట్టి వరి ప్రాంతాల్లో, నీళ్లలో పడుండే గేదెల్లో ఎక్కువ. ఐవర్‌మెక్టిన్ దానిమీద పనిచేయదు. ఆక్సిక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ లాంటివి కావాలి. పేడ పరీక్ష చేయించి ఏ పురుగో తెలుసుకుని వేయండి. తొలి నెలల చూడిలో ఆల్బెండజోల్ వాడకూడదు.

సంతలో గేదె కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒక పూట పాలు చూసి డబ్బు కట్టకండి. ముందు పూట పిండకుండా నిలవేసి చూపించడం పాత ఎత్తు. మొదటి పూట మీ ఎదురుగా పూర్తిగా పిండించి, ఆ తర్వాతి రెండు పూటలు కొలవండి. పిండాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి, ఎక్కడైనా గట్టి ముద్ద తగిలితే పాత పొదుగువాపు. రెండో, మూడో ఈత గేదె మంచిది. తెచ్చాక మూడు, నాలుగు వారాలు విడిగా కట్టి, బ్రూసెల్లా పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందలో కలపండి. హర్యానా నుంచి తెచ్చేవాటిని చలికాలంలో తెస్తే తట్టుకుంటాయి.

గేదె చనిపోతే ఏం చేయాలి?

బీమా ఉంటే చెవిపోగు తీయకుండా ఫొటో తీసి, కంపెనీకి, పశువైద్యశాలకు వెంటనే చెప్పాలి. సంచార పశువైద్య వాహనానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్ నంబరు 1962. ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగం అనుమానం. కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు. ఆరడుగుల గొయ్యిలో సున్నం వేసి పూడ్చాలి.

ఊరి బయట పారేసే అలవాటుంటే, చివరి రోజుల్లో ఏ నొప్పి మందు పడిందో చూడాలి. డైక్లోఫెనాక్ పడిన పశువును తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతుంది. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకున్న రాబందులకు చుట్టుపక్కల చచ్చిన పశువులే ఆహారమయ్యాయి. నొప్పికి మెలాక్సికామ్ ఉంది, గేదెకూ రాబందుకూ దానితో చేటు లేదు. మనుషుల డైక్లోఫెనాక్ సీసాలు షాపులో ఇస్తే తీసుకోకండి.